గెలిచినవారికి శాలువా

గెలవడం కూడా ఒక నేరమేనని నాకు ఈ ఏడు మే నెల దాకా తెలియదు. చాలా ఏళ్లుగా మైకు పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. గెలిచినవాళ్ల పేర్లు గట్టిగానూ, ఓడినవాళ్ల పేర్లు కాస్త మెల్లగానూ చదవాలని నా వృత్తి నాకు నేర్పింది. అది వెనకబడిన ఆలోచన అని మా లీగు పెద్దలు నా కళ్లు తెరిపించారు. తెరుచుకున్న ఆ కళ్లు ఇంకా మూతపడడం లేదు.

నా పేరు పాపారావు. మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో ప్రతి మ్యాచికీ మైకు నాదే. ఎవరు బాస్కెట్ వేశారో, ఎవరు ఫౌల్ చేశారో, ఎవరి స్కూటరు గేటుకు అడ్డంగా ఉందో అన్నీ నేనే చెబుతాను. లీగులో ఎనిమిది జట్లు. ముందు అందరూ అందరితో ఆడతారు. పైన నిలిచిన నాలుగు జట్లు పోస్ట్ సీజన్‌లో తలపడతాయి. అక్కడ ఓడినవాళ్లు బస్సెక్కి ఇంటికి పోతారు, గెలిచినవాళ్లు ఫైనల్‌కు వెళ్తారు, ఫైనల్ గెలిచినవాళ్లు కప్పు ఎత్తుతారు. ఇంత తేలిగ్గా అర్థమయ్యే పద్ధతిని పెద్దలు ఇన్నేళ్లు ఎలా భరించారో నాకు ఆశ్చర్యమే.

ఈ ఏడు పట్టికలో అందరికన్నా పైన నిలిచింది మా విజయనగరం ఫోర్ట్స్. దాని కెప్టెన్ లెంక సత్యవేణి. ఆమె ఆటో ఎక్కాలంటే సగానికి మడుచుకోవాలి, అంత పొడుగు. నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. పన్నెండేళ్లుగా ఆడుతోంది, ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. ప్రతిసారీ సెమీఫైనల్లో ఏదో ఒకటి వచ్చి పడేది. ఈ ఏడు మోకాలు అరిగిపోయింది. ఈ సీజన్ అయ్యాక పరుగు మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. ఆ కబురు ఆమె నాకు ఒక్కడికే చెప్పింది, అదీ టీ తాగుతూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

"బాబాయ్, కప్పు రాకపోతే మానె. ఫైనల్ అనీదాంట్లో ఒక్కసారి దిగి ఆడాల. తర్వాత ఈ మోకాలు ఏటైపోనా నాకు బాధ లేదు" అంది.

టీ బాగుందని చెప్పి తప్పించుకున్నాను.

ఇక పట్టికలో అందరికన్నా కింద ఉన్నది గోదావరి గోల్డ్. ఆ జట్టు సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచి గెలిచింది, అదీ అవతలి జట్టు బస్సు దారిలో ఆగిపోవడం వల్ల. ఆ జట్టు యజమాని వేల్పూరి నాగభూషణం గారు. ప్లాస్టిక్ పైపుల వ్యాపారం. ఆయనే మా లీగుకు చైర్మన్. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఇక్కడ వడ్డించేవాడూ ఆయనే, కడపంక్తిలో కూర్చున్నవాడూ ఆయనే. కాబట్టి వంటకాలు ఏ దిక్కుకు వెళ్తాయో ముందే ఊహించాల్సింది. మాకు అంత తెలివి లేకపోయింది.

లీగు పాలకమండలి విశాఖలో సముద్రం కనిపించే హోటల్లో సమావేశమైంది. నిర్ణయాలు చదవడానికి నన్ను పిలిపించారు. కానీ చదివే భాగ్యం నాకు దక్కలేదు. ప్రధాన కార్యదర్శి త్రివిక్రమరావు గారు మైకు నా చేతిలోంచి తీసుకున్నారు. ఆయన మైకు తీసుకుంటే తిరిగి ఇవ్వడం అరుదు.

"క్రీడాస్ఫూర్తి అనే మహోన్నత ఆశయాన్ని దృష్టిలో ఉంచుకుని, సమగ్రంగానూ, సమ్మిళితంగానూ, సుదీర్ఘంగానూ చర్చించిన మీదట, పాలకమండలి ఒక చారిత్రక నిర్ణయానికి వచ్చిందని తెలియజేయడానికి సంతసిస్తున్నాను. గెలిచిన జట్టు తన ప్రతిభను ఇప్పటికే నిరూపించుకుంది. నిరూపితమైన ప్రతిభను మళ్లీ నిరూపించమని అడగడం ఆ ప్రతిభను అనుమానించడమే అవుతుంది. ఓడిన జట్టు ఇంకా నిరూపించుకోవలసి ఉంది. మరి అవకాశం ఎవరికి అవసరం? భోంచేసినవాడికి మళ్లీ విస్తరి వేస్తామా, ఆకలిగా ఉన్నవాడికి వేస్తామా?"

చైర్మన్ గారు ఆకలిగా ఉన్నవాడిలా తల ఊపారు. ఆయన ముందున్న పళ్లెంలో జీడిపప్పు అప్పటికే అయిపోయింది.

కాబట్టి పట్టికలో పైనున్న నాలుగు జట్లకు పోస్ట్ సీజన్ నుంచి గౌరవపూర్వకమైన విశ్రాంతి. కిందనున్న నాలుగు జట్లే ఆడతాయి. అందులోనూ సెమీఫైనల్లో గెలిచిన జట్టుకు విశ్రాంతి, ఓడిన జట్టుకు ఫైనల్. ఇదంతా విన్నాక ఒక కుర్ర విలేకరి లేచాడు.

"అంటే ఓడినవాళ్లు ఫైనల్‌కి వెళ్తారా సార్?"

"ఓడినవారు అనే పదం లీగు వ్యవహారాల్లో ఇకపై వాడబడదు. వారిని అవకాశార్హులు అందాం. గెలిచినవారిని విశ్రాంత్యర్హులు అందాం."

"మరి విశ్రాంత్యర్హులకి ఏమిస్తారు సార్?"

"శాలువా" అన్నారు కార్యదర్శి గారు, ఇంకేమిస్తారని అడగడానికి వీల్లేనంత గంభీరంగా.

ఆరంభోత్సవం మామూలుగా జరగలేదు, ఘనంగా జరిగింది. ఆడేవాళ్లకన్నా ఆడనివాళ్లు ఎక్కువ ఉన్నారు కాబట్టి కోర్టు పక్కన, ఒక రింగుకు కాస్త దగ్గరలో, కల్యాణమండపం సైజు వేదిక కట్టారు. నాలుగు జట్ల విశ్రాంత్యర్హులను దాని మీద వరసగా కూర్చోబెట్టారు. మన దగ్గర ఎవరికైనా ఇక పని లేదని చెప్పాలంటే నేరుగా చెప్పరు, శాలువా కప్పుతారు. మే నెలలో విశాఖ ఉక్కపోతలో, ఏసీ పనిచేయని హాల్లో, ఒక్కొక్కరికి ఉన్ని శాలువా. ముఖ్య అతిథి వేదిక దిగేదాకా శాలువా తీయకూడదని నిబంధన. నేను ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కో అమ్మాయి వెళ్లి కప్పించుకుని వస్తోంది. మా జట్టులో అందరికన్నా చిన్నదానికి పందొమ్మిదేళ్లు. రిటైరైన తహసీల్దారులా ముఖం పెట్టుకుని కూర్చుంది.

సత్యవేణి నా పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"బాబాయ్, ఇదేటి, ఆడకముందే రిటైర్మెంట్ ఫంక్షన్ చేసీసారు?"

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. కార్యదర్శి గారు అది కృతజ్ఞత అనుకుని నమస్కారం పెట్టారు.

మర్నాడు సత్యవేణి, వాళ్ల కోచ్ అప్పలసూరి మాస్టారు, నేను ముగ్గురం కార్యదర్శి గారి గదికి వెళ్లాం. నా మాట ఆయన వింటారని వాళ్ల భ్రమ. ఆయన ఎవరి మాటా వినరు, తన మాట కూడా అప్పుడప్పుడే.

"అయ్యా, మా పిల్లలు ఆడతామంటన్నారు" అన్నారు మాస్టారు.

"చూడండి మాస్టారూ. అత్యున్నత స్థాయి క్రీడాకారులకు ఆడవలసిన అవసరం ఉండకూడదన్నదే మా విధానం. మీరు ఆ స్థాయిని చేరుకున్నారు. అభినందనలు."

"నాకు స్థాయి వద్దండి, ఆట కావాల. ఇదే నా ఆఖరి సీజను. ఫైనల్ ఆడాలనుంది సార్. మరేటీ అడగట్లేదు" అంది సత్యవేణి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కరిగారేమో అనుకున్నాను. నా బొంద, అద్దం మీద మరక ఉందట.

"ఫైనల్‌కు వెళ్లాలంటే ఒకే ఒక మార్గం ఉంది. మీ జట్టు తన గౌరవాన్ని స్వచ్ఛందంగా పరిత్యజించి సెమీఫైనల్లో పాల్గొనవచ్చు. అయిదో స్థానంలో ఉన్న జట్టు తమకూ విశ్రాంతి కావాలని కోరుతోంది. వారి స్థానంలో మీరు గోదావరి గోల్డ్‌తో ఆడవచ్చు. ఆపై, పరాజయం పొందవలసి ఉంటుంది."

"ఓడిపోవాలన్నమాట" అన్నారు మాస్టారు.

"అవకాశం పొందాలన్నమాట" అని సరిదిద్దారు ఆయన.

ముగ్గురం మెట్లు దిగాం. కింద టీ బడ్డీ దగ్గర మాస్టారు అన్నారు, "గోదావరోళ్ల చేతిలో ఓడిపోడం మాటలు కాదమ్మా. ఆళ్లకి అనుభవం ఉంది." ఆయన నవ్వలేదు. సత్యవేణి మోకాలు నిమురుకుంటూ, "ఓడిపోదాం మాస్టారూ. ఒక్కసారికి ఏటైపోద్ది" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమె ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది.

రెండు జట్లూ ఓడిపోవాలని దిగితే ఏమవుతుందన్నది పాలకమండలికి తట్టలేదు. మాకు తట్టినా ఎవరూ అడగలేదు. బాస్కెట్‌బాల్‌లో ఒక పాత నియమం ఉంది. కావాలని సొంత రింగులో బంతి వేస్తే అది చెల్లదు. పొరపాటున పడితే మాత్రం అవతలి జట్టుకు రెండు పాయింట్లు, అవి అవతలి కెప్టెన్ పేరు మీద రాస్తారు. ఎప్పుడో ఏడాదికోసారి అక్కరకొచ్చే నియమం. సెమీఫైనల్ రోజు మ్యాచంతా ఆ నియమం మీదే నడిచింది.

ఏది కావాలని వేసిందో, ఏది పొరపాటో తేల్చడానికి ఆగమేఘాల మీద ఒక ఉద్దేశ నిర్ధారణ సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు. ఒక రిటైర్డు అధికారి, ఒక మనస్తత్వశాస్త్రం లెక్చరరు, చైర్మన్ గారి బావమరిది. సంఘం పని విధానం చాలా శాస్త్రీయం. సొంత రింగులో బంతి పడగానే ఆట ఆపి ఆ అమ్మాయిని బల్ల దగ్గరికి పిలుస్తారు. కావాలని వేశావా అని అడుగుతారు. లేదంటే లేదు, అవునంటే అవును. క్రీడాకారిణి తనంతట తాను కావాలనే వేశానని ఒప్పుకుంటే ఇక విచారణ లేదు, బాస్కెట్ రద్దు. ఇది సంఘం రాసుకున్న మొదటి నిబంధన.

గోదావరి గోల్డ్ వాళ్లు సీజన్ మొత్తం ఆటలో చూపించని పట్టుదల ఆ రోజు చూపించారు. వాళ్లకు కోచ్‌తో పాటు ఒక నాటకాల మాస్టారిని కూడా పెట్టారని విన్నాను. ఒక అమ్మాయి బంతి తీసుకుంటుంది. కాలు మడత పడినట్టు తూలుతుంది. తూలుతూ తూలుతూ నేరుగా సొంత రింగు కిందికి వెళ్లి, చెయ్యి జారినట్టు బంతిని పైకి విసురుతుంది. అది పడగానే రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంటుంది.

"కావాలని వేశావా అమ్మా?" అని సంఘం.

"లేదండి, కాలు జారిందండి."

"పొరపాటు. రెండు పాయింట్లు."

నేను చదవాలి. "లెంక సత్యవేణి, రెండు పాయింట్లు." సత్యవేణి అప్పుడు కోర్టు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బంతిని ముట్టుకోనైనా లేదు. కాసేపటికి ఇంకో అమ్మాయికి తుమ్ము వచ్చింది, తుమ్ముతో పాటు బాస్కెట్ పడింది. "లెంక సత్యవేణి, రెండు పాయింట్లు." మరొకామెకు కళ్లు తిరిగాయి. జీవితంలో ఒక మనిషి పేరు అన్నిసార్లు, అంత అన్యాయంగా చదవలేదు.

మావాళ్లూ ఓడిపోవాలనే చూశారు. పాపం, చేతకాలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల సొంత రింగు దాకా వెళ్లి, సంఘం వైపు ఒకసారి చూసి, భయపడి బంతి పక్కకు పారేసింది. సత్యవేణి సంగతి ఇంకా ఘోరం. గోదావరి వాళ్లు వదిలేసిన బంతి రెండుసార్లు ఆమె ముందుకే దొర్లింది. పట్టుకుంది. పన్నెండేళ్ల అలవాటు, చేతులు ఆమె మాట వినలేదు. ఎటు వేయాలో అటే వేశాయి. బంతి రింగును తాకకుండా నేరుగా బాస్కెట్‌లో పడింది. అది చూసి తలపట్టుకుని కూర్చున్న మొదటి కోచ్ ప్రపంచంలో మా మాస్టారే అయి ఉంటారు.

చివరికి మేం ఘోరంగా గెలిచాం.

గోదావరి గోల్డ్ అమ్మాయిలు ఫైనల్‌కు వెళ్తున్నందుకు ఒకర్నొకరు ఎత్తుకున్నారు. మావాళ్లకు ఇంకో విడత శాలువాలు తెచ్చారు. పోస్ట్ సీజన్లో అత్యధిక పాయింట్లు సాధించినందుకు సత్యవేణికి ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు. డ్రెస్సింగ్ రూములో ఆమె దాన్ని కింద పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చింది. నిశ్శబ్దంగా ఏమీ కాదు, బావురుమని ఏడ్చింది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేసి, "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ తనూ కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆ కార్యదర్శిని ఆ ఉన్ని శాలువాలోనే చుట్టి సముద్రంలో పడేయాలనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఫైనల్ ముందురోజు కొత్త చిక్కు వచ్చింది. గోదావరి గోల్డ్‌కూ, అనంతపురం అగ్నికీ ఫైనల్. అనంతపురం కూడా రెండో సెమీఫైనల్లో కష్టపడి ఓడి వచ్చిందే. కప్పు ఎవరికివ్వాలి? గెలిచినవాళ్లకా, ఓడినవాళ్లకా? పాలకమండలి మళ్లీ హోటల్‌కు వెళ్లింది. బయటికి వచ్చి కార్యదర్శి గారు ప్రకటించారు.

"విధానంలో స్థిరత్వం అత్యంతావశ్యకం. సెమీఫైనల్లో ఒక న్యాయం, ఫైనల్లో ఒక న్యాయం అనడం అవకాశవాదం. ఫైనల్లో గెలిచిన జట్టు తన ప్రతిభను నిరూపించుకుంటుంది గనుక దానికి శాలువా. మరొక జట్టుకు కప్పు."

చైర్మన్ గారు తమ జట్టును నమ్ముకున్నారు. ఓటమి విషయంలో ఆ జట్టు ఆయనను ఎప్పుడూ మోసం చేయలేదు.

నేను సిగ్గు విడిచి మళ్లీ కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల అడిగింది ఒక్కటేనండీ, ఫైనల్ ఆడడం, మీ మనసు కొంచెం విశాలం చేసుకోండి అన్నాను. విశాలమైన మనసు అనగానే ఆయన ఉప్పొంగిపోయారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. లెంక సత్యవేణిని ఫైనల్లో రెండు జట్లకూ గౌరవ క్రీడాకారిణిగా నియమించారు. ఆమె ఆసీనురాలయ్యే వేదికను కోర్టులో భాగంగా పరిగణిస్తారు. అంటే ఆమె ఫైనల్లో పాల్గొన్నట్టే, లేచి నిలబడకూడదు, అంతే. కాగితం ఆమెకు నేనే ఇచ్చాను. చదివి, మడిచి, "కుర్చీలో కూర్చుని ఫైనల్ ఆడీమంటారేటి బాబాయ్" అంది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడి తెలివి నాది.

ఫైనల్ రోజున హాలు నిండింది. ఉద్దేశ నిర్ధారణ సంఘం మీద అనంతపురం వాళ్లు అభ్యంతరం చెప్పడంతో, నిష్పక్షపాతం కోసం వాళ్ల మనుషులు ముగ్గుర్ని అదనంగా చేర్చారు. ఇప్పుడు సంఘంలో ఆరుగురు. ఎవరి జట్టు సొంత రింగులో బంతి పడినా వాళ్ల ముగ్గురూ పొరపాటంటారు, అవతలి ముగ్గురూ కావాలనే అంటారు. మూడుకు మూడు. తేలనిది చెల్లదు. అలా పడ్డవన్నీ రద్దయ్యాయి. కాసేపటికి పడేయడం కూడా దండగని రెండు జట్లకూ అర్థమైంది.

ఇక బంతిని ఎవరూ పట్టుకోలేదు. పెళ్లి విందులో పళ్లెంలో మిగిలిన ఆఖరి గారెలా అయిపోయింది దాని బతుకు. "మీరు తీసుకోండక్కా" అని అనంతపురం అమ్మాయి ఇస్తుంది. "పర్లేదమ్మా, నువ్వే తీస్కో" అని గోదావరి అమ్మాయి తిరిగి ఇస్తుంది. బంతి వేయడానికి గడువు దాటిపోతుంది, ఈల ఊదుతారు, బంతి అవతలి వాళ్లకు పోతుంది. వాళ్లూ అంతే. మ్యాచి ముగిసేసరికి బోర్డు మీద సున్నా, సున్నా. బాస్కెట్‌బాల్‌లో సమానం అనేది లేదు, తేలేదాకా అదనపు సమయం ఆడించాల్సిందే. ఆడించారు. తేలలేదు. మళ్లీ ఆడించారు. జనం లేచి పోవడం మొదలుపెట్టారు. ముఖ్య అతిథి గారు విమానం టైమవుతోందని ఆవులింత మధ్యలో చెప్పారు. కప్పు బల్ల మీద ఎదురుచూస్తోంది. వేదిక మీద తోటి విశ్రాంత్యర్హుల మధ్య సత్యవేణి ఉన్ని శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ, కళ్ల ముందు ఫైనల్ అలా కుళ్లిపోవడం చూస్తోంది.

అప్పుడు ఎవరో మర్యాదగా విసిరిన బంతి ఎవరూ అందుకోక, నేలకు తగిలి ఎగిరి, వేదిక మీద పడి దొర్లింది. రిఫరీ నోట్లో ఈల ఉంది, ఊదే ఓపిక లేదు. బంతి సత్యవేణి కాలికి తగిలి ఆగింది.

ఆమె లేచింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. బంతి తీసుకుని రెండుసార్లు నేలకు కొట్టింది. ఆ చప్పుడుకే వెళ్తున్న జనం కొందరు తలుపుల దగ్గర ఆగారు. రింగు వైపు చూసింది. మోకాలు వంచడం కష్టమైందని నాకు కనిపించింది. అయినా వంచి, లేచి వేసింది.

పడింది. రింగును తాకలేదు.

హాల్లో మిగిలినవాళ్లు కేకలు పెట్టారు. నీళ్ల సీసాలు అమ్మేవాడు సీసాలు కింద పెట్టి ఈల వేశాడు. రెండు జట్ల అమ్మాయిలూ కాసేపు తమ కప్పు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టారు. నేను మైకు చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఆ బంతి పడింది గోదావరి గోల్డ్ కాపాడుకోవలసిన రింగులో. ఆ సంగతి ముందుగా గ్రహించింది చైర్మన్ గారు. బాస్కెట్ చెల్లితే అనంతపురం గెలుస్తుంది, గోదావరి ఓడుతుంది, కప్పు ఆయనది. కార్యదర్శి గారి చెవిలో ఏదో చెప్పారు. సంఘం కూర్చుంది. చర్చ ఇలా సాగింది. సత్యవేణి రెండు జట్లకూ గౌరవ క్రీడాకారిణి. కాబట్టి ఏ రింగైనా ఆమెకు సొంత రింగే. కావాలని వేస్తే చెల్లదు, పొరపాటున పడితే చెల్లుతుంది. ముగ్గురు పొరపాటన్నారు, ముగ్గురు కావాలనే అన్నారు. ముఖ్య అతిథి విమానం దృష్ట్యా ఈ ఒక్కసారికి కార్యదర్శి గారికి నిర్ణాయక ఓటు ఇచ్చారు. ఆయన పొరపాటనే ఓటేశారు. ఇన్ని చేసినవాళ్లు ఒక్కటి మరిచారు, వేసిన మనిషిని అడగడం.

కాగితం నా చేతికి వచ్చింది. గౌరవ క్రీడాకారిణి చేతినుంచి ప్రమాదవశాత్తు జారిన బంతి వల్ల, అని మొదలుపెట్టి చదువుతున్నాను. వెనకనుంచి ఒక పొడుగాటి చెయ్యి వచ్చి మైకు తీసుకుంది.

"ప్రమాదం కాదండి" అంది సత్యవేణి. "చూసి వేసాను. కావాలనే వేసాను."

తనంతట తాను ఒప్పుకుంటే ఇక విచారణ లేదన్నది సంఘం మొదటి నిబంధన. కార్యదర్శి గారి ముఖంలో రంగు పోయింది. పరుగున వచ్చి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి మొదటిసారి మనిషిలా మాట్లాడారు.

"అమ్మా, తొందరపడకు. చేయి జారిందని ఒక్క మాట అను చాలు. ఫైనల్లో పడ్డ ఏకైక బాస్కెట్ నీ పేరు మీద రికార్డులో ఉంటుంది. శాశ్వతంగా ఉంటుంది. కావాలని వేశానంటే అది కొట్టేస్తారు. నీకు ఏమీ మిగలదు."

సత్యవేణి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆయన అంత పొట్టిగా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం వణుకు లేదు.

"నా బతుక్కి ఫైనల్లో ఒక్కటే వేసాను సార్. దాన్ని పొరపాటు అనీమంటారేటి?"

మైకు నాకిచ్చేసి, శాలువా తీసుకోకుండా, మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కింద మాస్టారు చెయ్యి అందించారు.

సంఘం బాస్కెట్ రద్దు చేసింది. బోర్డు దగ్గర కుర్రాడు రెండంకె తీసేశాడు. ముఖ్య అతిథి విమానానికి వెళ్లిపోయారు. చైర్మన్ గారు కప్పు వైపు, మావైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఏం జరిగినా స్కోరు చెప్పడం నా పని కదా, చెప్పాను.

"గోదావరి సున్నా. అనంతపురం సున్నా."

తలుపుల దగ్గర ఆగిన జనం, రెండు జట్ల అమ్మాయిలు, వేదిక మీద శాలువాలు తీయడం మరిచి ఉక్కిపోతున్న విశ్రాంత్యర్హులు, నీళ్ల సీసాలవాడు, అందరూ నిలబడి సత్యవేణి వెళ్తున్నవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

కార్యదర్శి గారు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు. "పాపారావు గారూ, సున్నాకి ఎందుకండీ చప్పట్లు?"

చెబితే దాని మీద ఇంకో సంఘం వేస్తారని నేను చెప్పలేదు.